పోయిన లెక్కను తిరిగి రాబట్టడం ఎలా?

(సంఘ సభ్యులకు, కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు ఒక పాఠం)



పాడి రైతు ఆస్తి రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కొట్టంలో ఉన్న పశువు. రెండవది సంఘం లెక్కలలో ఉన్న పాల డబ్బు. పశువుకు జబ్బు చేస్తే ఆ పూటకే తెలిసిపోతుంది. మేత మానుతుంది, పాలు తగ్గుతాయి. లెక్కకు జబ్బు చేస్తే మాత్రం బట్వాడా రోజు వరకు తెలియదు. తెలిసేసరికి పది, పదిహేను రోజుల పాల సొమ్ముకు ఎసరు వచ్చి ఉంటుంది.

ఒకప్పుడు ఈ లెక్క పుస్తకాలలో ఉండేది. నేడు చాలా సంఘాలలో పాలు తూచే కాటా, వెన్న శాతం చూసే యంత్రం, కంప్యూటరు ఒకదానికొకటి కలిపి ఉన్నాయి. పాలు పోయగానే చీటీ వస్తుంది, లెక్క కంప్యూటరులోని డేటాబేస్‌లో చేరుతుంది. ఆ కంప్యూటరు ఒకనాటి సాయంత్రం చెడిపోతే ఏమవుతుంది? పోయిన లెక్కను తిరిగి ఎలా రాబట్టాలి? అందుకు ముందునుంచి ఏ ఏర్పాట్లు ఉండాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం. "ఇది కంప్యూటరు తెలిసినవారి పని, మనకెందుకు" అనుకోవద్దు. యంత్రం నడిపేది వారైనా లెక్క మనది.

1. చిట్టా, ఆవర్జా

పాత పద్ధతిలో లెక్క రాసినవారికి ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. దుకాణంలో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగినది జరిగినట్లు వరుసగా రాసేది చిట్టా. ఎవరి పేరున ఎంత నిలువ ఉందో చూపేది ఆవర్జా. ఆవర్జా కాలిపోయినా చిట్టా మిగిలితే ఓపికగా కూర్చుని మళ్ళీ ఆవర్జా తయారు చేసుకోవచ్చు. చిట్టా పోయి ఆవర్జా మిగిలితే నేటి నిలువ తెలుస్తుంది గాని, అది ఎలా వచ్చిందో చెప్పే ఆధారం ఉండదు.

కంప్యూటరులోనూ ఇంతే. సభ్యుల నిలువలు, దాణా నిల్వ, అప్పు బాకీలు ఉండే చోటు డేటాబేస్. ఇది ఆవర్జా. జరిగిన ప్రతి మార్పూ వరుస తప్పకుండా నమోదయ్యేది ట్రాన్సాక్షన్ లాగ్. ఇది చిట్టా. ఒక నిర్ణీత సమయానికి ఆవర్జా మొత్తానికి తీసి పెట్టుకున్న నకలు బ్యాకప్.

నకలు పాతది. అందులో నిన్న, నేడు జరిగినవి ఉండవు. చిట్టా కొత్తది, కాని అది మార్పులనే చెబుతుంది, మొదలు ఎక్కడో చెప్పదు. రెండూ కలిస్తేనే పోయిన లెక్క పూర్తిగా తిరిగి వస్తుంది. ఈ పాఠానికి మూలసూత్రం ఇదే.

2. ముందు లాగ్, తరువాత ఖాతా

నమ్మదగిన డేటాబేస్‌లు చాలావరకు ఒక నియమం పాటిస్తాయి. మార్పు ఏదైనా సరే, ముందు లాగ్‌లో రాయాలి. ఆ రాత డిస్కు మీద భద్రంగా చేరిన తరువాతే పని ఖాయమైనట్లు చెప్పాలి. అసలు ఖాతాలో మార్పును కొంత ఆలస్యంగా, వీలు చూసుకుని రాసుకోవచ్చు.

ఈ నియమం ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక సభ్యురాలు దాణా బస్తా తీసుకున్నది. దీనికి రెండు రాతలు కావాలి. గోదాములో ఒక బస్తా తగ్గాలి, ఆమె ఖాతాలో 1,250 రూపాయలు తగ్గాలి. మొదటి రాత అయి రెండవది కాకముందే కరెంటు పోయిందనుకోండి. బస్తా తగ్గింది, డబ్బు తగ్గలేదు. నెలాఖరున గోదాము లెక్కకు, ఖాతాల లెక్కకు పొత్తు కుదరదు. అప్పుడు అనుమానం ఎవరిమీదకు పోతుంది? గుమాస్తా మీదకే.

అందుచేత ఈ రెండు రాతలను కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా పరిగణిస్తారు. జరిగితే రెండూ జరగాలి, లేకుంటే రెండూ జరగకూడదు. కంప్యూటరు తిరిగి వెలిగినప్పుడు డేటాబేస్ తనంతట తానే లాగ్‌ను చదువుతుంది. ఖాయమైనట్లు లాగ్‌లో ఉండి ఖాతాలో చేరనివాటిని తిరిగి రాస్తుంది. సగంలో ఆగినవాటిని వెనక్కు తీస్తుంది. ఈ విధానాన్ని వివరంగా రూపొందించి 1992లో ప్రకటించిన ఐ.బి.ఎం. బృందానికి ముందు నిలిచినవాడు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్. దానికి వారు పెట్టిన పేరు ఏరీస్. అనేక డేటాబేస్‌లు ఈ బాటలోనే నడుస్తున్నాయి.

దీనినుంచి సభ్యులు గ్రహించవలసినది ఒకటి ఉంది. కరెంటు పోవడం వలన మాత్రమే లెక్క పాడుకాదు. డిస్కు బాగుంటే, లాగ్ బాగుంటే, యంత్రమే సరిదిద్దుకుంటుంది. ఆ సమయంలో తొందరపడి ఫైళ్ళు చెరిపివేయడం, ప్రోగ్రామును తీసి మళ్ళీ పెట్టడం చేయరాదు. లాగ్ ఫైలు పెద్దదిగా ఉందని, చోటు మిగులుతుందని దానిని చెరిపేవారు ఉన్నారు. అది చిట్టాను పొయ్యిలో పెట్టడమే.

3. డిస్కే చెడిపోతే

ఇప్పుడు పెద్ద ప్రమాదం సంగతి చూద్దాం. ఒక సంఘం ఉందనుకోండి. ప్రతి ఆదివారం రాత్రి 9 గంటలకు పూర్తి బ్యాకప్ తీస్తారు. ఆపైన ప్రతి పూట పాలసేకరణ ముగియగానే ఆ పూటవరకు వచ్చిన లాగ్‌ను వేరొక డిస్కుకు నకలు చేస్తారు. బుధవారం సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు, పాలు పోస్తుండగా, కంప్యూటరులోని డిస్కు చెడిపోయింది.

47వ నెంబరు సభ్యురాలి ఖాతా ఇలా నడిచింది.

ఆదివారం రాత్రి నిలువ: 2,350 రూపాయలు.
సోమవారం ఉదయం 4 లీటర్లు, 62 చొప్పున 248. నిలువ 2,598.
సోమవారం సాయంత్రం 3 లీటర్లు, 60 చొప్పున 180. నిలువ 2,778.
మంగళవారం ఉదయం 4 లీటర్లు, 62 చొప్పున 248. నిలువ 3,026.
మంగళవారం 10 గంటలకు దాణా బస్తా, తగ్గింపు 1,250. నిలువ 1,776.
మంగళవారం సాయంత్రం 3 లీటర్లు, 60 చొప్పున 180. నిలువ 1,956.
బుధవారం ఉదయం 4 లీటర్లు, 61 చొప్పున 244. నిలువ 2,200.
బుధవారం సాయంత్రం 3 లీటర్లు, 60 చొప్పున 180. నిలువ 2,380. చీటీ చేతికి వచ్చింది.

ఆ సంఘంలో బ్యాకప్ ఒక్కటే ఉండి లాగ్‌లు లేకపోతే ఆమె నిలువ 2,350గా కనిపిస్తుంది. ఉండవలసినది 2,380. "ముప్పై రూపాయలే కదా తేడా" అని ఎవరైనా అనవచ్చు. అక్కడే మోసపోతాం. ఆ ముప్పై వెనుక 21 లీటర్ల పాలు, వాటి విలువ 1,280 రూపాయలు మాయమయ్యాయి. సంఘానికి రావలసిన బస్తా ధర 1,250 కూడా మాయమైంది. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకున్నాయి. ఆ వారం దాణా తీసుకోని పొరుగు సభ్యుడు ఆరు పూటల పాల సొమ్ము మొత్తం పోగొట్టుకుంటాడు. రెండు బస్తాలు తీసుకున్నవాడు లాభపడతాడు. మొత్తం మీద తేడా చిన్నదిగా ఉన్నదని లెక్క సరిపోయినట్లు కాదు.

లాగ్‌లు ఉంటే ఏమి చేయాలి? ఆదివారం బ్యాకప్‌ను కొత్త డిస్కు మీద దింపాలి. నిలువ 2,350 వస్తుంది. దానిపై సోమవారం ఉదయం లాగ్, సాయంత్రం లాగ్, మంగళవారం ఉదయం లాగ్, సాయంత్రం లాగ్, బుధవారం ఉదయం లాగ్ వరుసగా ఎక్కించాలి. పదిగంటల దాణా లెక్క మంగళవారం సాయంత్రం లాగ్‌లో వస్తుంది. ఐదు లాగ్‌లు ఎక్కేసరికి నిలువ 2,200కు చేరుతుంది.

మిగిలినది బుధవారం సాయంత్రం. ఆ పూట లాగ్ నకలు ఇంకా తీయలేదు, అది చెడిన కంప్యూటరులోనే ఉంది. దీనిని లాగ్ తోక అంటారు. ఖాతాలు ఒక డిస్కు మీద, లాగ్ వేరొక డిస్కు మీద ఉండేలా ముందే ఏర్పాటు చేసి ఉంటే, ఖాతాల డిస్కు చెడినా తోక దక్కుతుంది. 180 రూపాయలు చేరి నిలువ 2,380 అవుతుంది. రెండూ ఒకే డిస్కు మీద ఉంటే ఆ పూట లెక్కకు సభ్యుల చేతిలోని చీటీలే ఆధారం. అందుకే బట్వాడా అయ్యేవరకు చీటీలు పారవేయరాదు.

4. గొలుసు తెగరాదు

లాగ్‌లన్నీ ఒక గొలుసు. పై ఉదాహరణలో మంగళవారం ఉదయం లాగ్ ఒక్కటి కనపడలేదనుకోండి. మంగళవారం సాయంత్రానిది, బుధవారానిది చేతిలో ఉన్నా పనికిరావు. ప్రతి లాగ్ తన ముందున్న స్థితిమీద ఆధారపడి రాయబడింది. నడుమ ఒకటి దాటి తరువాతిది ఎక్కించబోతే డేటాబేస్ ఒప్పుకోదు. లెక్క సోమవారం సాయంత్రం దగ్గరే, 2,778 వద్దనే ఆగిపోతుంది. మిగిలిన పూటలన్నీ చీటీలు చూసి చేతితో ఎక్కించవలసిందే.

కనుక లాగ్ నకళ్ళకు తేది, పూట, వరుస సంఖ్య ఉండాలి. మధ్యలో లోపం ఉందేమో రోజూ చూడాలి. లోపం కనిపిస్తే ఆదివారం దాకా ఆగక, ఆ రోజే మరొక పూర్తి బ్యాకప్ తీయాలి. కొత్త గొలుసు అక్కడనుంచి మొదలవుతుంది.

5. చెడింది డిస్కు కాదు, మన చేయి

అన్ని నష్టాలూ యంత్రం వలన రావు. గురువారం 11 గంటల 20 నిమిషాలకు ఒక సభ్యుని పశువు అప్పు ముగించబోయి, గుమాస్తా పొరపాటున అందరి అప్పులూ ముగిసినట్లు నొక్కాడనుకోండి. డిస్కు బాగానే ఉంది. లాగ్ కూడా ఆ తప్పును నమ్మకంగా రాసుకుంది. చివరివరకు లాగ్ ఎక్కిస్తే తప్పు కూడా తిరిగి వస్తుంది.

ఇటువంటప్పుడు లాగ్‌ను ఒక నిర్ణీత క్షణం వద్ద ఆపే వీలుంది. బ్యాకప్‌ను వేరొక కంప్యూటరుపై దింపి, 11 గంటల 19 నిమిషాల వరకే లాగ్ ఎక్కించి ఆపాలి. తప్పుకు ముందున్న లెక్క కనిపిస్తుంది. అందులోనుంచి అప్పుల పట్టికను మాత్రం తీసుకుని అసలు లెక్కను సరిదిద్దుకోవాలి. అసలు డేటాబేస్ మొత్తాన్నే 11:19కి వెనక్కు తీసుకుపోతే, ఆ తరువాత వచ్చిన పాల లెక్కలన్నీ కూడా పోతాయి. తప్పు జరిగినట్లు తెలిసిన వెంటనే గడియారం చూసి వేళ రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో దీనినిబట్టి తెలుస్తుంది. పొరపాటు చేసిన గుమాస్తాను కసిరితే మరొకసారి అతడు దాచిపెడతాడు. వేళ దాచితే లెక్క దక్కదు.

6. ఉందనుకున్న బ్యాకప్ లేకపోతే

పెద్ద సంస్థలకు కూడా ఈ దెబ్బ తగిలింది. ప్రోగ్రాములు రాసేవారి పనిని భద్రపరిచే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు, ఒక కంప్యూటరు అనుకుని మరొకదానిపై, అసలు డేటాబేస్ ఉన్న అరను చెరిపివేశాడు. పొరపాటు తెలిసి ఆపేలోగా దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. ఆ సంస్థకు బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ ఎంతోకాలంగా పడడమే లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాము పాత రకానిది, డేటాబేస్ కొత్త రకానిది. పని విఫలమైనప్పుడు వెళ్ళవలసిన ఈ-మెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరుగంటల ముందు వేరే పనికోసం ఒకరు తీసి ఉంచిన నకలు దొరికింది. ఆ ఆరుగంటల డేటా మాత్రం పోయింది.

ఆ సంస్థ ఈ తప్పును దాచక, జరిగినదంతా లోకానికి వివరంగా రాసి ప్రకటించింది. అందువలననే మనకు ఈ పాఠం దక్కింది. తీసిన బ్యాకప్ అంటే తిరిగి దింపి చూసిన బ్యాకప్ అని అర్థం. దింపి చూడనిది మూత తీయని క్యాను వంటిది. లోపల పాలున్నాయో, విరిగాయో చూస్తేగాని తెలియదు.

అదే ఏడు మే నెలలో వనాక్రై అనే వైరస్ అనేక దేశాలలో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇటువంటి వైరస్ కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును కూడా వదలదు. ఒక నకలైనా తీగ తీసి, బీరువాలో ఉండాలి.

7. తిరిగి రాబట్టే క్రమం

అవసరం పడినప్పుడు కంగారు పడక ఈ వరుస పాటించాలి.

(అ) కంప్యూటరులో నమోదు ఆపాలి. పాలసేకరణ ఆపరాదు. పాలు చేతిపుస్తకంలో రాసుకుని, చీటీ రాసి ఇవ్వాలి.

(ఆ) చెడిన డిస్కును ముట్టుకోకముందు లాగ్ తోకను కాపాడాలి. వీలైతే చెడినదాని నకలు కూడా తీసి ఉంచాలి. దాని మీదనే బ్యాకప్ దింపరాదు.

(ఇ) వేరొక డిస్కు మీద చివరి పూర్తి బ్యాకప్‌ను దింపాలి. లాగ్‌లన్నీ ఎక్కేవరకు డేటాబేస్‌ను వాడకానికి తెరవరాదు. మధ్యలో తెరిస్తే తరువాతి లాగ్‌లు ఎక్కవు, మొదటినుంచి చేయాలి.

(ఈ) లాగ్‌లను వరుసగా ఎక్కించాలి. చివరగా తోకను ఎక్కించి తెరవాలి. సగంలో ఆగిన ట్రాన్సాక్షన్లను డేటాబేస్ అప్పుడు వెనక్కు తీస్తుంది.

(ఉ) లెక్క సరిచూడాలి. ప్రతి పూట మొత్తం లీటర్లను శీతలీకరణ కేంద్రం ఇచ్చిన రసీదుతో, దాణా నిల్వను గోదాములోని బస్తాలతో, నగదును నగదు పుస్తకంతో పోల్చాలి. పదిమంది సభ్యుల చీటీలు తెప్పించి చూడాలి.

(ఊ) చేతిపుస్తకంలోని లెక్కలు ఎక్కించాలి. వెంటనే కొత్త పూర్తి బ్యాకప్ తీయాలి.

(ఋ) ఏమి జరిగింది, ఏమి చేశాము, ఏది తిరిగి రాలేదు అన్నది మినిట్సు పుస్తకంలో రాసి, నోటీసు బోర్డుపై పెట్టాలి.

8. కార్యదర్శులకు కొన్ని సూచనలు

డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి ఊరికే కాపీ చేయడం బ్యాకప్ కాదు. కాపీ అయ్యేలోగా సగం పాత రాతలు, సగం కొత్త రాతలు కలిసిపోతాయి. డేటాబేస్‌కు ఉన్న బ్యాకప్ ఆజ్ఞతోనే తీయాలి.

ఒక కంప్యూటరులో జరిగినది వెంటనే మరొకదానిలో కూడా జరిగే ఏర్పాటు మంచిదే. కాని తప్పు చెరిపివేత కూడా వెంటనే అక్కడ జరుగుతుంది. కాబట్టి అది బ్యాకప్‌కు బదులు కాదు.

మీ సాఫ్టువేరు ఏ డేటాబేస్‌పై నడుస్తుందో సరఫరాదారుని అడగండి. ఎస్.క్యు.ఎల్. సర్వర్ అయితే అది 'ఫుల్' రికవరీ పద్ధతిలో ఉందా, 'సింపుల్' పద్ధతిలో ఉందా తెలుసుకోండి. సింపుల్‌లో లాగ్ నకళ్ళు తీయడం కుదరదు. ఫుల్‌లో లాగ్ నకళ్ళు తీయకపోతే లాగ్ పెరిగిపెరిగి డిస్కు నిండిపోతుంది. దాని ఉచిత ఎక్స్‌ప్రెస్ రకంలో వేళకు బ్యాకప్ తీసే ఏజెంటు ఉండదు, ఆ ఏర్పాటు విడిగా చేయించాలి. పోస్ట్‌గ్రెస్ అయితే లాగ్ మామూలుగా 16 మెగాబైట్ల ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలు భద్రమైన చోటికి చేరుతున్నాయా చూడండి. మై ఎస్.క్యు.ఎల్. అయితే బైనరీ లాగ్ పెట్టి ఉందో లేదో అడగండి.

లెక్కకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి వేరే ఊరిలోనో వేరే భవనంలోనో ఉండాలన్నది అనుభవజ్ఞులు చెప్పే సూత్రం. బ్యాకప్‌లో సభ్యుల బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఉంటాయి గనుక దానికి తాళం, సంకేతపదం తప్పనిసరి.

9. సభ్యులు సర్వసభ్య సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు

1. ఈ సాయంత్రం కంప్యూటరు పోతే ఎన్ని పూటల లెక్క పోతుంది?
2. తిరిగి నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుంది?
3. బ్యాకప్, లాగ్ నకళ్ళు ఎవరి వద్ద, ఎక్కడ ఉన్నాయి? ఆయన ఊరిలో లేకపోతే ఎవరికి తెలుసు?
4. చివరిసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటరుపై దింపి చూసినది ఏ తేదీన?

నాలుగవ ప్రశ్నకు తేదీతో జవాబు రాకపోతే మొదటి మూడింటి జవాబులను నమ్మవద్దు. ఈ పని నెలకు ఒకసారి, బట్వాడా మరునాడు పెట్టుకుంటే రెండు మూడు గంటలలో ముగుస్తుంది. పాలకవర్గ సభ్యుడొకరు దగ్గర కూర్చుని తన పాస్‌పుస్తకంతో నిలువ సరిచూసుకుంటే చాలు.

గాలికుంటు టీకా వ్యాధి వచ్చిన తరువాత వేయిస్తే ప్రయోజనం లేదని మనకు తెలుసు. బ్యాకప్ కూడా అంతే, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఒక గేదెతో సంసారం నెట్టుకొచ్చే సభ్యురాలు రోజూ రెండు పూటలా సంఘానికి నడిచివచ్చి పాలు పోస్తున్నది. తన పాలు అక్కడ లెక్కలో నిలుస్తాయన్న నమ్మకమే ఆమెను రప్పిస్తున్నది. ఆ నమ్మకం నిలబెట్టడానికి ఆదివారం రాత్రి ఒక బ్యాకప్, పూటకొక లాగ్ నకలు, నెలకొక పరీక్ష కావాలి. మీ సంఘంలో ఈ మూడూ జరుగుతున్నవో లేదో ఈ వారమే తెలుసుకోండి.